బంధువు కాని సాక్షి

దేవుడు పనిని చూస్తాడా, పని కింద ఉన్న సంతకాన్ని చూస్తాడా?

స్టోరు పెద్దాయనకి ఈ అనుమానం ఇవాళ్టిది కాదు. విత్తనాల గోడౌన్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళు స్టోర్ కీపర్‌గా చేసి, రిటైరై ఆరేళ్ళు దాటినా, వీధిలో అందరూ ఆయన్ని ఇంకా స్టోరుగారనే పిలుస్తారు. పొద్దున్నే దీపం పెట్టి, దేవుడి ముందు కళ్ళు మూసుకోగానే దణ్ణం కన్నా ముందు ఈ ప్రశ్నే వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. ఒకసారి ప్రవచనం చెప్పే ఆయన్ని పట్టుకుని అడిగాడు కూడా. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "చాలా మంచి ప్రశ్న నాయనా" అని మెచ్చుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మంచి ప్రశ్నేనని ఈయనకీ తెలుసు. జవాబే తెలియదు.

పోయిన వారం మనం ఆ ఇంటి వంటగది గుమ్మంలో, ఫోను చేత్తో పట్టుకుని కొయ్యబారిపోయిన కోడలి దగ్గర ఆగాం. ఆమె అలా ఎందుకు నిలబడిపోయిందో నాలుగు ముక్కల్లో చెప్పుకుని ముందుకి పోదాం.

కోడలు పదకొండేళ్ళుగా ఒక కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తోంది. సాఫ్ట్‌వేర్ వాడబోయే మనుషుల పక్కన కూర్చుని, వాళ్ళేం చేస్తున్నారో చూసి, ఏం కావాలో అడిగి, దాన్ని సాఫ్ట్‌వేర్ తయారుచేసే వాళ్ళకి అర్థమయ్యేట్టు వరసగా నంబర్లు వేసి రాసివ్వడం ఆమె పని. ఆ పని చేసేవాళ్ళని లోకం బిజినెస్ ఎనలిస్ట్ అంటుంది. ఆమె కంపెనీ మాత్రం ఆమెను డాక్యుమెంట్ అసిస్టెంట్ అంటుంది. రాసేది ఆమె, అట్ట మీద పేరు మేనేజరుది. ఆదివారం కూడా టై కట్టుకునే ఆ మేనేజరుకి ఆమె అత్తగారు టై సారని పేరు పెట్టింది.

ఇంతలో కంపెనీ ఒక కొత్త రూలు తెచ్చింది. వచ్చే నెల నుంచి, బిజినెస్ ఎనలిస్ట్ పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్న వాళ్ళే బయటి మనుషులతో కూర్చుని మాట్లాడాలి. తక్కినవాళ్ళు టైపు చెయ్యాలి. పదకొండేళ్ళు అడిగి రాసిన మనిషి ఇకమీద నోరు మూసుకుని టైపు కొట్టాలన్నమాట. కోడలు ఏడవలేదు. పరీక్షకి దరఖాస్తు పెట్టింది. దరఖాస్తుతో పాటు అయిదు వేల గంటల అనుభవం చూపించమంటే, పాత డైరీలన్నీ తిరగేసి, ఏ పని ఎన్ని గంటలు చేసిందో రెండు నెలలు కూర్చుని రాసింది.

పరీక్ష బోర్డు నుంచి శనివారం జవాబొచ్చింది. "మీరు చూపించిన పనుల్లో అన్నిటికన్నా పెద్దదైన విత్తనాల గోడౌన్ పనిని, ఇవే గంటలతో, ఇవే వాక్యాలతో మరొకరు ఇదివరకే చూపించి సర్టిఫికెట్ పొందారు. ఆ పని మీరే చేశారని చెప్పగలిగిన, మీకు బంధువు కాని ఒక వ్యక్తి సాక్ష్యం సోమవారం సాయంత్రం అయిదు గంటల లోపు పంపండి. లేనిపక్షంలో దరఖాస్తు రద్దవుతుంది. మూడేళ్ళ వరకు మళ్ళీ పెట్టుకోవడానికి వీల్లేదు."

ఆ మరొకరు ఎవరో బోర్డు చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ గోడౌన్ పెద్దాయన పనిచేసిన గోడౌనే. తొమ్మిదేళ్ళ కిందట ఈ పిల్ల అక్కడ మూడు వారాలు బస్తా మీద కూర్చుని ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగింది. ఆ ప్రశ్నలు విని, ఇంత బుద్ధిగా వినే పిల్ల మన ఇంటికొస్తే ఇల్లు బాగుంటుందని, పెద్దాయనే వెళ్ళి తన కొడుక్కి సంబంధం అడిగాడు. కళ్ళారా చూసిన సాక్షి ఇంట్లోనే ఉన్నాడు. కానీ మామగారి సాక్ష్యం చెల్లదు.

*

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు. దరఖాస్తు నిలుస్తుందో లేదో తెలియకపోయినా చదువు ఆపకూడదని పెద్దాయన పట్టుబట్టాడు. పరీక్షకి ఇంకా పంతొమ్మిది రోజులుంది. భోజనాల బల్ల మీద లావుపాటి ప్రశ్నల పుస్తకం పెట్టుకుని, ఒక్కో ప్రశ్నా తాపీగా చదివి వినిపించడం ఆయన వంతు.

"విను. ఒక ఆసుపత్రిలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాలి. నువ్వు మొట్టమొదట ఏం చేస్తావు? ఒకటి, ఎవరెవరితో మాట్లాడాలో జాబితా రాస్తాను. రెండు, అసలు ఇబ్బందేమిటో కనుక్కుంటాను. మూడు, పాత కాగితాలు చదువుతాను. నాలుగు, పెద్ద డాక్టరుగారిని కలుస్తాను." ఆయన పుస్తకం దించాడు. "నాలుగూ కరెక్టే గదమ్మా!"

"నాలుగూ కరెక్టే మామయ్యగారూ. అందులో ఎక్కువ కరెక్టు ఏదో పట్టుకోవాలి."

"ఇదెక్కడి న్యాయం? కరెక్టులో ఎక్కువ కరెక్టు, తక్కువ కరెక్టు ఉంటుందా?"

"మీ మామయ్యకి ఆ పుస్తకం అర్థమైన రోజున నా మోకాళ్ళ నొప్పి దానంతటదే తగ్గిపోతుంది," అని అత్తగారు లోపల్నుంచి అంది. "అమ్మాయ్, నువ్వయితే ఏం చేస్తావు?"

"నేనయితే చీట్లు రాసే కిటికీ దగ్గర ఒక పూట కూర్చుంటానత్తయ్యా. ఎవరు విసుక్కుంటున్నారో చూస్తాను. అది ఈ నాలుగింట్లో లేదు." కోడలు నవ్వింది, కానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. "పదకొండేళ్ళు చేసిన పని పుస్తకంలో లేదు. పుస్తకంలో ఉన్న పని చేసినట్టు కాగితం ఇంకొకళ్ళ దగ్గరుంది."

అప్పుడే గంట మోగింది. తలుపు తీస్తే ఎదురుగా టై సారు. చేతిలో ఆపిల్ పళ్ళ కవరు, మొహం మీద ఆఫీసు నవ్వు.

"ఇటు వెళుతూ ఒకసారి పలకరిద్దామని..." అంటూ లోపలికొచ్చి, ఎవరూ కూర్చోమనకుండానే సోఫాలో కూర్చున్నాడు. అత్తగారు ఆ కవరు వంక చూసింది. తీసుకోలేదు. అది టీపాయి మీద దిక్కులేని దానిలా ఉండిపోయింది.

"బోర్డు నుంచి గురువారమే నాకూ ఒక మెయిల్ వచ్చిందమ్మా," అన్నాడు టై సారు కోడలితో. "ఏదో పొరపాటు పడినట్టున్నారు. దీన్ని పెద్దది చేసుకోవద్దు. గోడౌన్ పని మీ లిస్టులోంచి తీసెయ్యండి. మిగతా పనులకి నేను సంతకం పెడతాను. ఒక్క నిమిషంలో అయిపోతుంది."

"అది తీసేస్తే నాకు అయిదు వేల గంటలు రావు సార్."

"ఈసారి రావు. ఇంకో రెండేళ్ళు పనిచేస్తే వస్తాయి."

"రెండేళ్ళు నన్ను పని చెయ్యనిస్తారా? వచ్చే నెల నుంచి టైపే కదా?"

టై సారు ఆ ప్రశ్న వినబడనట్టు పెద్దాయన వైపు తిరిగాడు. "మీరు పెద్దవారు, లోకం చూసినవారు. మీరైనా చెప్పండి. ప్రతి కంపెనీలోనూ టీమ్ పని చేస్తుంది, మేనేజరు బాధ్యత తీసుకుంటాడు. బాధ్యత తీసుకున్నవాడి పేరే ఉంటుంది. ఇందులో తప్పేముంది?"

పెద్దాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన సామాన్యంగా గొంతెత్తే మనిషి కాదు. బస్తాలో ఎలుక పడ్డా నెమ్మదిగానే చెప్పేవాడు. ఇప్పుడు కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"బాధ్యతా? తప్పొచ్చినప్పుడు తీసుకునేది బాధ్యత బాబూ. మెప్పొచ్చినప్పుడు తీసుకునేదాన్ని వేరే మాట అంటారు. మా ఇంట్లో కూర్చున్నారు కాబట్టి ఆ మాట అనను. ఆ మూడు వారాల్లో మీరు మా గోడౌన్‌కి ఎన్నిసార్లు వచ్చారు?"

"నేను పైనుంచి చూసుకునేవాణ్ణి."

"ఒక్కసారి వచ్చారు. దుమ్మని కారు దిగలేదు. పోనీ, ఆ డాక్యుమెంటు మీదే కదా. పదిహేడో నంబరు ఏమిటో చెప్పండి."

టై సారు నవ్వాడు. "తొమ్మిదేళ్ళ కిందటిది ఎవరికి గుర్తుంటుందండీ?"

"నాకు గుర్తుంది," అంది కోడలు. కూర్చున్నచోటునుంచి కదల్లేదు. "పదిహేడు. స్క్రీన్ మీద ప్రతి బస్తా వరసకీ తేదీతో పాటు రంగు కూడా కనపడాలి."

"సరే, ఇప్పుడు గుర్తు చేసింది కదా," అన్నాడు పెద్దాయన. "చెప్పండి, తేదీ ఉండగా రంగు ఎందుకు?"

టై సారు టై ముడి సర్దుకున్నాడు. "చూడ్డానికి బాగుంటుందని. వాడేవాళ్ళకి కాస్త ఆకర్షణగా..."

"ఆకర్షణా!" పెద్దాయన చేతులు రెండూ గాల్లోకి లేచాయి. "విత్తనం పాతబడితే మొలవదు బాబూ. ముందొచ్చిన బస్తా ముందు పోవాలి. మోసేవాళ్ళలో సగం మందికి చదువు రాదు, తేదీ రాస్తే ఏం చదువుతారు? అందుకని వారానికో రంగు సుద్దముక్కతో బస్తా మీద గీత గీసేవాళ్ళం. ఈ వారం ఎరుపు, పై వారం పసుపు. ఎరుపు అయిపోయేదాకా పసుపు ముట్టుకోకూడదు. కళ్ళున్న ప్రతివాడికీ తెలుస్తుంది. ఆ అమ్మాయి అది పట్టుకుంది. తెర మీద కూడా ఆ రంగే లేకపోతే మా వాళ్ళు గాభరాపడతారని పట్టుకుంది. అదీ పని! ఒకడు బుర్ర పెట్టి చేసిన పని కింద సిగ్గులేకుండా ఇంకొకడు పేరు రాసుకోవడం... రాసుకుని షోకేసులో..."

అక్కడ ఆయనకి నోరు పెగల్లేదు.

ఆయన చూపు గది మూల షోకేసులో ఉన్న తన షీల్డు మీద పడింది. అత్తగారు మంచినీళ్ళ గ్లాసుతో వచ్చి భర్త మొహం చూసి, గ్లాసు ఆయన చేతిలో పెట్టకుండా తనే పట్టుకుని నిలబడింది.

టై సారు ఆ మౌనాన్ని తన గెలుపే అనుకున్నాడు. లేచి చొక్కా దులుపుకున్నాడు.

"చూశారా, ఆవేశం మీ వయసుకి మంచిది కాదు. అమ్మా, ఇది మంచి మాటగా చెప్పాను. కాదంటే మీ ఇష్టం. రేపు అయిదు లోపు మీకు బంధువు కాని సాక్షి దొరికితే పంపించుకోండి." గుమ్మం దగ్గర ఆగి, తాపీగా అన్నాడు. "దొరకరు."

అత్తగారు ఆపిల్ కవరు తీసి అతని చేతికిచ్చింది. "ఇది మర్చిపోతున్నారు. మా ఇంట్లో ఎవరికీ పడవు."

*

"ఏమైంది మామయ్యగారూ?" అంది కోడలు, తలుపు మూసి వచ్చి.

పెద్దాయన కుర్చీలో కూలబడి ఉన్నాడు. గురివింద గింజ తన కింద నలుపు చూసుకున్నప్పుడు ఎలా ఉంటుందో తెలియదు గాని, బహుశా అలాగే ఉండి ఉంటుంది.

"ఆ రంగుల పద్ధతి కనిపెట్టింది నేను కాదమ్మా," అన్నాడు.

కోడలికి ముందు అర్థం కాలేదు. "మరి? నేను డాక్యుమెంటులో రాశాను కదా, స్టోర్ కీపర్ ప్రవేశపెట్టిన పద్ధతి అని. మీరే చెప్పారు."

"చెప్పాను. అబద్ధం చెప్పాను. అది కాటా ఆయన బుర్రలో పుట్టింది. బస్తాలు తూచే కాటా దగ్గర ఉండేవాడు, నీకు గుర్తుండాలి, బక్కగా, ఎప్పుడూ చెవి వెనక సుద్దముక్క పెట్టుకుని. నేను ఒద్దన్నాను కూడా. పిల్లల ఆట అన్నాను. వాడే నెల్లాళ్ళు నా వెంటపడి ఒప్పించాడు. ఆ ఏడు ఒక్క బస్తా చెడలేదు. కంపెనీ మీటింగు పెట్టి నాకు షీల్డిచ్చారు. రెండు ముక్కలు మాట్లాడమన్నారు. వాడు మూడో వరసలో కూర్చుని నా మొహమే చూస్తున్నాడు. నేను పైఅధికారులకి కృతజ్ఞతలు చెప్పాను. డ్రైవర్లకి చెప్పాను. ఎలుకలు పట్టినందుకు గోడౌన్ పిల్లికి కూడా చెప్పాను, అందరూ పడీపడీ నవ్వారు. వాడి మాట ఎత్తలేదు."

"మర్చిపోయారా?"

"అదే అడిగాడు వాడు కూడా, కిందికి దిగాక. 'మర్చిపోయారా స్టోరుగారూ?' అని. 'ఈసారి మీటింగులో చెప్తాలేరా' అన్నాను. మళ్ళీ మీటింగు లేదు, చెప్పిందీ లేదు. ఇరవై ఏళ్ళయింది. మర్చిపోలేదమ్మా. పిల్లి గుర్తున్నవాడికి మనిషి గుర్తుండడా?"

కోడలు ప్రశ్నల పుస్తకం టప్పున మూసింది. అది కోపమే. పెద్దాయన ఆ కోపం కోసమే ఎదురుచూస్తున్నట్టు తలెత్తాడు.

"మీరు కూడానా మామయ్యగారూ?" అంది చివరికి. "నేను రోజూ ఆఫీసునుంచి వచ్చి టై సారుని తిట్టుకుంటుంటే, మీరు పక్కన కూర్చుని ఊఁ కొట్టేవారు."

"కొట్టాను. గట్టిగానే కొట్టాను. నా లోపలి మాట నాకు వినబడకుండా ఉంటుందని."

ఆమె లేచి కిటికీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ప్రశ్నల పుస్తకం మీద చెయ్యి వేసి ఆగింది. "తప్పు మీదొక్కళ్ళదే కాదులెండి. మూడు వారాలు మీ పక్కన బస్తా మీద కూర్చున్నాను. పదడుగుల దూరంలో కాటా. ఆయన్ని ఒక్క ప్రశ్న అడగలేదు. స్టోర్ కీపర్ ఇంత వివరంగా చెబుతుంటే తూచేవాణ్ణి అడిగేదేముందిలే అనుకున్నాను. ఈ పుస్తకంలో మొదటి పాఠమే అది. పెద్ద కుర్చీ చెప్పిందే రాసుకోవద్దు, పని చేసే చేతిని అడుగు అని. మొదటి పాఠంలోనే తప్పాను."

"ఆ కాటా ఆయనైతే బంధువు కాదు," అంది అత్తగారు. నీళ్ళ గ్లాసు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. "నిన్ను చూశాడు కూడా. మిగిలినవాళ్ళంతా తలో దిక్కూ పోయారు. ఈయనగారు రిటైరైన దగ్గర్నుంచి వాళ్ళింటి వైపు ఎందుకు వెళ్ళడో నాకు ఇవాళ తెలిసింది."

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళనే?"

"ఉన్నది ఒకటే మొహం కదండీ. అదే పెట్టుకుని వెళ్ళండి."

*

సోమవారం కాటా ఆయన కోసం వాకబు చేయడానికే మధ్యాహ్నం దాకా పట్టింది. గోడౌన్ మూసేశాక ఆయన ఊరి చివర లారీలు తూచే వేబ్రిడ్జిలో చేరాడట. మామా కోడళ్ళు అక్కడికి చేరేసరికి నాలుగు దాటింది. బరువెక్కిన లారీలు బారులు తీరి ఉన్నాయి. ఇనపపలక పక్కన అగ్గిపెట్టెంత గది, దాని మీద మైకు గొట్టం. లోపల బక్కపల్చని మనిషి, తెల్లబడ్డ జుట్టు, ముందు చిన్న మైకు. "నలభై రెండు పదహారు లారీ, పలక మీదికి రావాలి. డ్రైవరు కిందికి దిగాలి," అంటున్నాడు.

పెద్దాయన్ని చూసి ఆయన ఆశ్చర్యపోలేదు. స్టూలు జరిపాడు. "రండి స్టోరుగారూ. నాకు తెలుసు వస్తారని. అమ్మాయ్, నువ్వు ఆ బస్తాల అమ్మాయివి కదూ? బాగున్నావా?"

"బాగున్నాను బాబాయ్."

"తెలుసా? ఎలా తెలుసు?" అన్నాడు పెద్దాయన.

"శుక్రవారం టై కట్టుకున్నాయన ఒకాయన వచ్చాడు. గోడౌన్ పని మూడు వారాలు తనే దగ్గరుండి చేశాడని రాసుకొచ్చిన కాగితం ఇచ్చాడు. సంతకం పెట్టాను."

సాక్షి సంతకం కోసం తెచ్చిన ఫారం కోడలు బల్ల మీదికి దించింది. నిన్న ఆ మనిషి గుమ్మంలో "దొరకరు" అని అంత ధీమాగా ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది.

"ఎలా పెట్టావురా?" పెద్దాయన గొంతు పైకి లేచింది. "ఆయన కారు కూడా దిగలేదని నీకు తెలియదా? ఈ పిల్ల దుమ్ములో దగ్గుతూ రాసుకోవడం నువ్వు చూడలేదా?"

"చూశాను. ఆ అమ్మాయి పేరేదండీ అని అడిగాను కూడా. టైపు చేసింది అంతే అన్నాడు. అబద్ధమని తెలుసు."

"తెలిసీ పెట్టావా?"

"తెలిసే పెట్టాను." కాటా ఆయన లారీ బరువు చూసి, చీటీ మీద రాసి, సంతకం చేసి, కిటికీలోంచి డ్రైవరుకిచ్చాడు. తర్వాత తీరిగ్గా ఇటు తిరిగాడు. "పని ఒకళ్ళది, పేరు ఇంకొకళ్ళది. లోకం తీరే అదని నాకు నేర్పిందెవరు స్టోరుగారూ? మీరు పిల్లికి కూడా చెప్పారు."

పెద్దాయన తల దించుకున్నాడు.

గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. ఇంకెవరైనా అయితే ఫారం ముందుకు తోసి బతిమాలేవాళ్ళు. కోడలు ఫారం మడిచి పక్కన పెట్టింది. సంచిలోంచి నోటు పుస్తకం తీసింది.

"బాబాయ్, తొమ్మిదేళ్ళ కిందట మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అప్పుడు అడగలేదు, నాదే తప్పు. బస్తాలకి రంగు గీయాలన్న ఆలోచన మీకెలా వచ్చింది?"

కాటా ఆయన చెయ్యి అలవాటుగా చెవి వెనక్కి వెళ్ళింది. అక్కడ సుద్దముక్క లేదు. ఆమె వంకా, తెరిచి ఉన్న పుస్తకం వంకా చూశాడు. జీవితంలో ఎవరూ ఆయన చెప్పేది రాసుకోవడానికి పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చోలేదు.

"మా ఆవిడకి చదువు రాదు," అన్నాడు మెల్లిగా. "వంటింట్లో డబ్బాలకి ఏది ముందు కొన్నదో తెలియడానికి రంగు దారాలు కట్టేది. ఎర్ర దారం డబ్బా అయ్యాకే పచ్చ దారంది తియ్యాలి. నేను నవ్వేవాణ్ణి. ఒకరోజు గోడౌన్‌లో పాత బస్తా వెనకపడి పాడైతే, అప్పుడు తట్టింది." ఆగి అన్నాడు. "ఇదీ... నేనూ ఎవరికీ చెప్పలేదు. నాదేనన్నాను."

కోడలు రాసుకుంటోంది. "ఆవిడ బాగున్నారా?"

"ఉంది. ఇంట్లో ఇంకా దారాలు కడుతూనే ఉంది."

బయట ఒక లారీ హారన్ కొట్టింది. కాటా ఆయన ఫారం వైపు చూశాడు.

"అమ్మాయ్, నీ మీద నాకు కోపం లేదు. కానీ దీని మీద సంతకం పెట్టాలంటే, శుక్రవారం పెట్టింది అబద్ధమని నా చేత్తో నేనే రాయాలి. ఈ గదిలో నా సంతకం మీదే లారీలు కదులుతాయి. అబద్ధం సంతకాలు పెట్టేవాడని యజమానికి తెలిస్తే ఒక్క పూట ఉంచడు. దీనికేం శిక్షో కనుక్కున్నావా?"

"లేదు బాబాయ్. ఏమీ కాదని అబద్ధం చెప్పను."

"అదైతే నిజం చెప్పావు," అన్నాడు కాటా ఆయన.

ఆయన బల్ల మీద ఉన్న ఫోను మోగింది. తెర వంక చూసి, "ఆ టై ఆయనే," అన్నాడు. ఎత్తలేదు. కొట్టెయ్యనూ లేదు. అది బల్ల మీద అలా మోగుతూ, కదులుతూ ఉంది.

అప్పుడు పెద్దాయన లేచాడు. ఎవరినీ అడగలేదు. బల్ల మీది మైకు తన వైపు లాక్కుని, దాని కింద మీట నొక్కాడు. గొట్టంలోంచి ఒక్కసారి కీచుమని మోత వచ్చింది. లారీల దగ్గర డ్రైవర్లు తలలు తిప్పారు.

"అయ్యా, డ్రైవర్లందరూ వినాలి," అన్నాడు. ఆ గొంతు నాలుగింతలై పలక మీదా, రోడ్డు మీదా వినిపించింది. "నేను విత్తనాల గోడౌన్ పాత స్టోర్ కీపర్‌ని. ఇరవై ఏళ్ళ కిందట మా కంపెనీ నాకొక షీల్డిచ్చింది. బస్తాలకి రంగులు గీసే పద్ధతికిచ్చింది. ఆ పద్ధతి నాది కాదు. ఇదిగో, మీ లారీలు తూస్తున్న ఈ కాటా ఆయనది. ఈయనకి నేర్పింది ఈయన భార్య. ఆ రోజు మీటింగులో చెప్పాల్సింది. సిగ్గుపడాల్సినవాణ్ణి, ధైర్యం లేక చెప్పలేదు. ఇవాళ చెబుతున్నాను."

మీట వదిలాడు.

వెనక లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "చాలా సంతోషం పెద్దాయనా, మా తూకం సంగతేంటి?" అని అరిచాడు. రెండో లారీ వాడు మాత్రం కిందికి దిగి, ఏమిటో ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టాడు. వాణ్ణి చూసి ఇంకో ఇద్దరు కొట్టారు.

కాటా ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో, ఇంకేదో, వెనకనుంచి తెలియలేదు. ఫోను ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. గడియారంలో పెద్ద ముల్లు ఇరవై అయిదు దాటింది.

"చెల్లు స్టోరుగారూ," అన్నాడు ఇటు తిరగకుండానే. "మీ మాట బాకీ తీరిపోయింది. ఇక నాది చూసుకోవాలి."

మోగుతున్న ఫోనుకీ, మడిచి ఉన్న ఫారానికీ మధ్యగా చెయ్యి చాపాడు.